వెలివేసిన క్రియలు

భావన్నకు 'వచ్చు' అనే క్రియ మీద కోపం వచ్చింది.

అది ఒక్కరోజు కోపం కాదు. బందరు రేవులో యూనుస్ బాబా దగ్గర శిష్యుడిగా చేరిన నాటి నుంచీ రెండేళ్ళుగా పేరుకుంటూ వచ్చింది. వచ్చాడు, వస్తాడు. ఇంతవరకూ బాగానే ఉంది. మరి ఒక మనిషిని పిలవాలంటే 'వచ్చు' అనాలి కదా? కాదట. 'రా' అట. ఆ మనిషి మాట వినకపోతే 'వచ్చడు' అనాలి కదా? కాదట. 'రాడు' అట. ఇక 'ఉన్నాడు' అన్నదానికి ఎదురుమాట 'లేడు'. అందులో 'ఉ' ఎక్కడికి పోయింది, 'లే' ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

భావన్న సాలెవాడు. కృష్ణ ఒడ్డున ఒక చిన్న పల్లెలో మగ్గం దగ్గర పుట్టి పెరిగాడు. పడుగులో ఒక్క పోగు పక్కకు జరిగినా అతని కంటికి నలుసులా గుచ్చుకునేది. ఊళ్ళో కొన్నాళ్ళు మకాం వేసిన ఒక జంగమయ్య దగ్గర వ్యాకరణం నేర్చుకున్నాడు. అప్పటి నుంచి మాటలనూ పోగుల్లాగే చూడటం అలవాటైంది.

గోలకొండ నవాబుల ఏలుబడి ఆ రోజుల్లో. తమ పల్లెలో నేసిన బట్ట గురించి దుబాసీలు పరాయి దేశపు వర్తకులకు ఏం చెబుతున్నారో నేతగాళ్ళకు తెలిసేది కాదు. ఆ భాషలు తానే నేర్చుకుందామని భావన్న బందరు చేరాడు. ఆరు నెలల్లో తిరిగొస్తానని భార్య పేరిందేవికి చెప్పాడు. ఆరు నెలల్లో రెండు భాషలు వచ్చాయి. వాటితోపాటు ఈ కోపమూ వచ్చింది. ఇక కదల్లేదు.

యూనుస్ బాబా ఒకప్పుడు ఓడల మీద తిరిగిన దుబాసీ. ఎనిమిది భాషల వాళ్ళ మధ్య మాటలు మోసి మోసి, ఒకరోజు ఓడ దిగి, రేవు పక్కన తాటాకుల పందిరి వేసుకుని ఫకీరుగా కూర్చుండిపోయాడు. నోట్లో నాలుగే పళ్ళు. ఆ నాలుగూ రోజంతా బయటికి కనిపిస్తూనే ఉండేవి. ఆయన అంత నవ్వేవాడు.

భావన్న మొదట్లో తెలుగొక్కటే ఇట్లా తగలడిందనుకున్నాడు. సంస్కృతం వైపు చూశాడు. గమ్ ధాతువు 'గచ్ఛతి' అవుతోంది, దృశ్ ధాతువు 'పశ్యతి' అవుతోంది. దేవభాషకే దిక్కు లేదనుకుని పారసీ పట్టాడు. 'వచ్చాడు' అనడానికి 'ఆమద్'. 'వస్తాడు' అనడానికి 'ఆయద్'. 'చూశాడు' అంటే 'దీద్', 'చూస్తాడు' అంటే 'బీనద్'.

పోర్చుగీసు నావికుణ్ణి పట్టుకున్నాడు. 'వెళ్తున్నాను' అని అతని భాషలో చెప్పమంటే 'వో' అన్నాడు. 'వెళ్ళాను' అని చెప్పమంటే 'ఫుయ్' అన్నాడు.

"నిన్న ఫుయ్ అంటే ఉండేవాణ్ణి అని చెప్పావుగా?" అన్నాడు భావన్న.

"అదీ ఇదే."

"మరి నువ్వు ఉన్నావో వెళ్ళావో ఎట్లా తెలిసేది?"

"మా అమ్మకు తెలుస్తుంది" అన్నాడు.

ఇంగ్లీషు గుమాస్తా దగ్గరికి పోతే వాళ్ళది 'గో', 'వెంట్'. "వరసలో అయితే 'గోడ్' అనాలి కదయ్యా?" అని భావన్న నిలదీశాడు. గుమాస్తా ముఖం విప్పారింది. "మా చెల్లెలి కూతురు అచ్చం అట్లాగే అంటుంది. దానికి మూడేళ్ళు" అన్నాడు.

ఒక్క మలయా నావికుడు మాత్రం అతని గుండె చల్లబరిచాడు. వాళ్ళ భాషలో వెళ్ళడానికి 'పెర్గి'. నిన్న వెళ్ళినా పెర్గి, రేపు వెళ్ళినా పెర్గి, ఎవరు వెళ్ళినా పెర్గి. భావన్న అతణ్ణి నడివీధిలో కావలించుకున్నాడు. ఎందుకో తెలియకపోయినా అతనూ తిరిగి కావలించుకున్నాడు.

రూమ్ దేశం నుంచి వచ్చిన ఇల్యాస్ అనే తురుష్కుడు, ఓడ మీద ఫిరంగులు కాల్చేవాడు, మీసం దువ్వి చెప్పాడు: "మా భాషలో క్రియలన్నీ దండులో సిపాయిల్లా నడుస్తాయి. తిక్కది ఒక్కటే."

"ఏది?"

"ఉండటాన్ని చెప్పేది."

భావన్న తలపట్టుకున్నాడు. ఒక దేశానికీ ఇంకో దేశానికీ మధ్య ఇంత సముద్రం ఉంది. అయినా ప్రతిచోటా దారి తప్పేవి ఇవే. రావడం, పోవడం, ఉండటం, ఇవ్వడం, తినడం, చూడటం. అన్నీ కలిసి ముఠా కట్టినట్టు.

ఆ కసితోనే గ్రంథం మొదలుపెట్టాడు. తెలుగులో వంక పెట్టడానికి వీల్లేని నాలుగు వందల క్రియలు ఏరాడు. దర్శించు, భుజించు, సమర్పించు, ప్రవేశించు. ఎటు తిప్పినా ఒక్క తీరున తిరిగేవి. వంకరవి ఇరవై తేలాయి. వాటిని విడిగా ఒక తాటాకు మీద రాసి, పైన 'వెలి' అని పేరు పెట్టాడు. మిగిలిన భాషలకూ ఇదే పద్ధతిలో ఒక్కో పుస్తకం చేస్తే, ఓడ దిగిన వాడు నెల తిరక్కుండా తెలుగు మాట్లాడతాడు, తెలుగువాడు నెల తిరక్కుండా ఏ ఓడైనా ఎక్కుతాడు. అదీ అతని లెక్క.

గ్రంథం పూర్తయిన రోజు తాటాకుల కట్ట తెచ్చి బాబా ముందు పెట్టాడు.

"బాబా, రేపటి నుంచి కొత్తవాళ్ళకు దీంతో పాఠం చెబుతాను. అనుమతి ఇవ్వండి."

బాబా నాలుగు వందల క్రియలూ ఓపికగా విన్నాడు. తర్వాత ఆ విడి ఆకు చదవమన్నాడు. భావన్న చదువుతుంటే, దూరాన ఉన్న చుట్టాల పేర్లు వింటున్నట్టు ఒక్కోదానికీ తల ఊపాడు.

"బాగుంది" అన్నాడు. "రేపు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఈ ఇరవైనీ తాకకుండా మాట్లాడు నాయనా. ఎవరితోనైనా సరే. గట్టెక్కావంటే ఎల్లుండి నుంచి ఇక్కడ నీ పుస్తకమే పాఠం."

"ఇంతేనా బాబా?"

"ఇంతే."

పందిట్లో ఉన్న నలుగురు శిష్యులూ, వాళ్ళతో కూర్చునే ఇల్యాసూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ఆకు వాళ్ళకూ కంఠతా వచ్చు.

మర్నాడు పొద్దున్నే భావన్న అంబలి అమ్మే పోలమ్మ ముందు నిలబడ్డాడు. రోజూ 'ఇంత ఇవ్వు' అని ముంత చాపేవాడు. ఇవాళ 'ఇవ్వు' వెలిలో ఉంది.

"అంబలి ప్రసాదించుము" అన్నాడు.

పోలమ్మ అటూ ఇటూ చూసింది. "ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?"

"నీతోనే. నేను భుజిస్తాను."

పోలమ్మ ముంత పక్కన పెట్టింది. గుప్పెడు ఉప్పు తీసుకుని అతని తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నీళ్ళలో పారేసింది. ఆ తర్వాతే అంబలి పోసింది.

రేవులో బట్టల కొట్టు గుమ్మం దగ్గర "లోపలికి ప్రవేశించవ..." దాకా వచ్చి గతుక్కుమన్నాడు. 'ప్రవేశించవచ్చా' అంటే, దాని తోకలో 'వచ్చు' కూర్చుని ఉంది. నోరు మూసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. కొట్టులోని పెద్దమనిషి "నిన్న చెప్పిన చీటీ రాశావా?" అని అడిగాడు. రాయలేదు. కానీ ఆ మాట ఎట్లా అనడం? 'రాయలేదు'లో 'లేదు' ఉంది. 'రాస్తున్నాను' అందామంటే అందులో 'ఉన్నాను' ఉంది. 'రాసుకొస్తాను' అంటే ఒకేసారి రెండు వెలివాళ్ళు, కొను, వచ్చు.

"రచిస్తాను" అని చెప్పి చక్కా నడిచాడు.

నాలుగు వందల పెద్దమనుషుల్లాంటి క్రియలకు ఈ ఇరవై దిక్కుమాలినవే చేతికర్రలన్న సంగతి గ్రంథం రాసినప్పుడు అతనికి తట్టలేదు. అయినా బెదరలేదు. మధ్యాహ్నానికి అతని మాట మరీ కురచైపోయింది. కుశలం అడిగినవాళ్ళకు "ఆనందిస్తాను" అన్నాడు. ఎక్కడికని అడిగినవాళ్ళకు వేలు చూపించాడు. ఎదురైనవాళ్ళు ఏ నాటకంలో రాజు వేషం కట్టావని నవ్వారు. శిష్యులు నీడల్లా వెంటపడి, ఒక్క పొరపాటు దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి తిరిగారు.

దొరకలేదు. పొద్దు తాటిచెట్టంత ఎత్తులోకి దిగేసరికి భావన్న ఒక్క తప్పూ చేయలేదు. నిజానికి ఎవరితోనూ ఒక్క ముచ్చటా ఆడలేదు. కానీ ఆ సంగతి అతను పట్టించుకునే స్థితిలో లేడు. గట్టెక్కినట్టే అనుకున్నాడు.

అప్పుడు రేవులోంచి కేక వినిపించింది. "భావన్నా! నీకోసం ఎవరో!"

కృష్ణ మీదుగా బట్టల మూటలతో వచ్చిన పడవ అది. మూటలన్నీ దించేశారు. ఖాళీ పడవలో, చంకన చిన్న మూటతో, పేరిందేవి నిలబడి ఉంది.

భావన్న ఒడ్డుకు పరుగెత్తాడు. రెండేళ్ళలో ఆమె కొంచెం చిక్కింది. చూపు మాత్రం అదే. పోగు తెగితే ఎక్కడ తెగిందో చీకట్లో కూడా పట్టేసే చూపు.

ఆమె పడవ దిగలేదు.

"ఆరు నెలలన్నారు" అంది.

అతను తల ఆడించాడు.

"కిందటి నెల కబురు పంపాను. వస్తారా, నన్నే రమ్మంటారా అని. మీరు ఆకు మీద రాసి పంపారు." ఆమె కొంగుముడి విప్పి ఆ తాటాకు తీసింది. "కరణంగారితో చదివించాను. 'గ్రంథ పరిసమాప్తి పర్యంతం ప్రతీక్షించుము' అట. మీరు వస్తారో రారో ఆయనకీ అంతుపట్టలేదు. గుళ్ళో అయ్యవారితో చదివించాను. చాలా బాగా రాశాడమ్మా అన్నాడు."

శిష్యులు చుట్టూ చేరారు. ఒడ్డున తిరగేసి ఉన్న దోనె మీద యూనుస్ బాబా కూర్చుని ఉన్నాడు.

"నాకు బాగా రాయడం అక్కర్లేదు" అంది పేరిందేవి. "రమ్మంటారా, పొమ్మంటారా? ఒక్క మాట చెప్పండి. రమ్మంటే దిగుతాను. లేకపోతే ఈ పడవలోనే పోతాను. ఇంక అడగను."

"నీళ్ళు తీస్తున్నాయమ్మా" అన్నాడు పడవవాడు. "ఇప్పుడు తిప్పకపోతే రేపటిదాకా ఇక్కడే."

భావన్న నోరు తెరిచాడు. పొద్దు ఇంకా గుంకలేదు. బాబా వైపు చూశాడు. బాబా సముద్రం వైపు చూస్తున్నాడు.

నాలుగు వందల క్రియలు అతని నాలుక చివర బారులు తీరాయి. ఆగమించుము. ప్రవేశించుము. అనుగ్రహించుము.

"విచ్చేయుము" అన్నాడు.

పేరిందేవి అతని ముఖంలోకి చూసింది. "ఏమిటీ?"

"అంటే... అవతరించుము."

పడవవాడు పకపకా నవ్వాడు. "మీ ఆయన మీద ఏ దేవుడో పూనినట్టున్నాడమ్మా!"

పేరిందేవి నవ్వలేదు. చేతిలో తాటాకును మళ్ళీ కొంగున ముడి వేసుకుని, వెనక్కి తిరిగి, పడవ చెక్క మీద కూర్చుంది. పడవవాడు గడ వేశాడు. ఒడ్డుకూ పడవకూ మధ్య మూరెడు నీళ్ళు మెరిశాయి. తర్వాత బారెడు.

"రా!"

ఎవరు అరిచారో భావన్నకు మొదట తెలియలేదు. అప్పటికే మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. "రా! పేరిందేవీ, రా! పోవద్దు! రా!"

ఆమె ఇటు తిరిగింది. చెంపల మీద తడిని భుజానికి తుడుచుకుంది.

"ఆ ముక్క ముందే అంటే ఏం పోయింది?" అని మూట నెత్తిన పెట్టుకుని, చీర తడుస్తున్నా లెక్కచేయకుండా నీళ్ళలోకి దూకింది.

ఇక భావన్న నోటికి అడ్డం లేకుండా పోయింది. "ఎప్పుడొచ్చావు? ఒక్కదానివే వచ్చావా? ఏమన్నా తిన్నావా? మీ అమ్మ ఎట్లా ఉంది? మూట ఇటివ్వు. అంత చిక్కిపోయావేం? ఇటు చూడు. అయ్యో, గాజు విరిగిపోయింది. ఏమంది మీ అమ్మ? నన్ను తిట్టిందా? తిట్టే ఉంటుంది. ఇట్లా తే, ఆ చెయ్యి ఇట్లా తే!"

రోజంతా కట్టేసి ఉంచిన మాటలు. తెగిన పూసల్లా రాలిపడ్డాయి.

ఒడ్డున శిష్యులు గొంతెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "వచ్చు! తిను! ఉండు! ఇచ్చు! పోవు! చూచు! అను! తెచ్చు!" ఇల్యాసుకు రెండు చేతుల వేళ్ళూ చాల్లేదు. పక్కనున్న మలయా నావికుడి చెయ్యి లాక్కుని దాని మీద లెక్క సాగించాడు. పడవవాడికి ఏమీ అర్థం కాకపోయినా గడ పైకెత్తి ఊగిస్తూ తానూ అరిచాడు. పోలమ్మ దూరం నుంచే మళ్ళీ గుప్పెడు ఉప్పు తీసి, ఈసారి ఇద్దరికీ కలిపి దిష్టి తీసింది.

భావన్న తడి బట్టలతోనే బాబా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఓడిపోయాను బాబా."

బాబా లేచి, అతన్ని దాటి, పేరిందేవి ఎదుట నిలిచాడు.

"రా తల్లీ" అన్నాడు. "బడలిక మీద వచ్చావు. ముందు కాస్త తిందువుగాని."

ఆ సాయంత్రం పందిట్లో అందరూ కిచిడీ ముందు కూర్చున్నారు. ఓడలవాళ్ళు కూడా కొందరు చేరారు. ఒకడు పారసీలో రమ్మంటున్నాడు, ఒకడు పోర్చుగీసులో ఇంకొంచెం ఇమ్మంటున్నాడు, ఇల్యాసు తన భాషలో తినమని మలయావాణ్ణి మొహమాటపెడుతున్నాడు. భావన్న విస్తరి ముందు కదలకుండా కూర్చుని, ఒక్కొక్క గొంతూ వింటున్నాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పేరిందేవి తాటాకుల కట్టను చూసింది. "రెండేళ్ళూ చేసింది ఇదేనా?"

"ఇదే."

"ఈ ఒక్క ఆకు విడిగా ఎందుకుంది?"

"దాని మీదవి వెలివేశాను."

"ఏమున్నాయి?"

భావన్న గొంతు తగ్గించి చదివాడు. "వచ్చు. పోవు. ఉండు. లేదు. ఇచ్చు. తెచ్చు. తిను. విను. చూచు. అను. కొను. చచ్చు..." ఇరవై పూర్తయ్యాయి.

పేరిందేవి వాటిని మనసులో ఒకసారి తిప్పి చూసుకుంది. పోగు ఎక్కడ తెగిందో వెతికినట్టు.

"ఇవన్నీ తీసేస్తే," అంది మెల్లగా, "మనం ఇంట్లో ఏం మాట్లాడుకుంటాం?"

భావన్న గురువు వైపు చూశాడు.

బాబా గరిటెతో ఇంత కిచిడీ తీసి పేరిందేవి విస్తట్లో వేశాడు. నాలుగు పళ్ళూ బయటపడ్డాయి.

"అమ్మాయి అడుగుతోంది నాయనా" అన్నాడు. "చెప్పు."